‘ఆబ్వియస్లీ’ని సరిగ్గా వాడడం ఎలా: అర్థం, స్థానం, ధ్వని

ఇంగ్లీషు నేర్చుకునేవారికి తొందరగా పట్టుబడే మాటల్లో ‘ఆబ్వియస్లీ’ ఒకటి. సంభాషణల్లో తరచూ వినిపిస్తుంది. నిఘంటువు తెరిస్తే ‘స్పష్టంగా’ అని ఒక్క ముక్కలో అర్థం దొరుకుతుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ‘స్పష్టంగా’ అనుకుని ఈ మాటను వాక్యంలో పెట్టినప్పుడు, వ్యాకరణం తప్పకపోయినా వాక్యం ఎబ్బెట్టుగా తయారవుతుంది, లేదా ఎదుటివారిని చిన్నబుచ్చుతుంది. “ఫైలు పంపారా?” అని పై అధికారి అడిగితే “ఆబ్వియస్లీ” అని జవాబిచ్చే ఉద్యోగి ‘పంపానండీ’ అన్నాననే అనుకుంటారు. అడిగినవారికి మాత్రం అది ‘పంపకుండా ఉంటానా, ఇది కూడా అడగాలా?’ అన్నట్టు వినిపిస్తుంది.

ఈ మాట విషయం గురించి ఎంత చెబుతుందో, వినేవారి గురించీ అంతే చెబుతుంది. ‘ఇది నిజం’ అనడంతో ఆగకుండా ‘ఇది నిజమని నీకూ కనిపిస్తూనే ఉంది’ అని కూడా అంటుంది. ఈ రెండో సగాన్ని పట్టుకుంటే వాక్యంలో దాని స్థానం, దానికీ దాని తోటి మాటలకూ ఉన్న తేడా, ఎక్కడ వాడకూడదనే విచక్షణ, అన్నీ ఒక్కొక్కటిగా విడిపోతాయి. అందుకే నిఘంటువు అర్థాన్ని కాసేపు పక్కన పెట్టి మొదలుపెడదాం.

మొదటి మెట్టు: మాట ఏం వాగ్దానం చేస్తోందో తెలుసుకోండి

దీని మూలం లాటిన్‌లో ఉంది. ‘ఆబ్’ అంటే ఎదురుగా, ‘వియా’ అంటే దారి. ప్రయాణ మార్గాలు చెప్పేటప్పుడు మనం ‘వయా’ అనేది ఆ రెండో మాటనే. రెండూ కలిస్తే ‘దారిలో ఎదురుపడేది’ అవుతుంది. 16వ శతాబ్దం చివర ‘ఆబ్వియస్’ ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘తరచుగా ఎదురయ్యేది’ అనే అర్థంలోనే వాడారు. 17వ శతాబ్దంలో అది ‘ఇట్టే కనిపించేది, వెతకనక్కర్లేనిది’ అనే అర్థానికి స్థిరపడింది. దానికి ‘లీ’ చేర్చితే మన క్రియా విశేషణం తయారవుతుంది.

కాబట్టి ఈ మాట వాడినప్పుడల్లా రెండు సంగతులు చెబుతున్నామని గుర్తుంచుకోవాలి. మొదటిది, ఫలానాది జరిగింది లేదా ఉంది. రెండోది, అందుకు ఆధారం అందరి కళ్ల ముందూ ఉంది. మొదటిది నిజమై రెండోది నిజం కాకపోతే ఈ మాటను అక్కడ వాడకూడదు. ఒక సంగతి మీకు బాగా తెలిసినంత మాత్రాన అది ‘ఆబ్వియస్’ కాదు.

దీనికి నాకు తెలిసిన అత్యంత గంభీరమైన ఉదాహరణ 1986 జనవరి 28 నాటిది. చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకు ఆకాశంలో విచ్ఛిన్నమైంది. అందులోని ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు. ఆ క్షణాల్లో ప్రత్యక్ష వ్యాఖ్యానం చెబుతున్న నాసా అధికారి, నియంత్రకులు పరిస్థితిని జాగ్రత్తగా పరిశీలిస్తున్నారని చెప్పి, ఆ వెంటనే “ఆబ్వియస్లీ ఎ మేజర్ మాల్‌ఫంక్షన్” అన్నారు. పెద్ద వైఫల్యమేదో జరిగిందని కనిపిస్తూనే ఉంది అని దాని భావం. కారణమేమిటో అప్పటికి ఆయనకు తెలియదు. కుడివైపు ఘన ఇంధన రాకెట్‌లో అతుకును మూసి ఉంచే ‘ఓ-రింగ్’ అనే రబ్బరు వలయం విఫలమైందని తర్వాత విచారణలో తేలింది. కానీ ఆకాశంలో చీలిపోతున్న పొగ చారలను చూసేవారంతా చూస్తూనే ఉన్నారు. ‘ఆబ్వియస్లీ’ ఆ కనిపించినంత మేరకే వర్తించింది. కనిపించనిదాని జోలికి, అంటే కారణం జోలికి, పోలేదు. ఈ మాటను ఇంత కచ్చితంగా వాడిన సందర్భాలు అరుదు.

రెండో మెట్టు: ఉచ్చారణ, వర్ణక్రమం

ఇది త్వరగా అయిపోయే పని. మాటలో నాలుగు అక్షరాంశాలున్నాయి: ఆబ్, వి, యస్, లి. ఊనిక మొదటిదాని మీదే ఉంటుంది, మిగిలిన మూడూ తేలికగా దొర్లిపోవాలి. తెలుగువాళ్లం చివరి ‘లి’ని సాగదీస్తాం, అది తగ్గించుకుంటే సహజంగా ఉంటుంది. ‘బ్’ దగ్గర రెండు పెదవులూ మూసుకోవాలి. ఆ వెంటనే ‘వి’ దగ్గర పై పళ్లు కింది పెదవిని తాకాలి. ఈ రెండింటి మధ్య ఇకారం జొరబడి ‘ఆబివియస్లి’ కాకుండా చూసుకోండి. బ్రిటిష్ ఉచ్చారణలో మొదటి అచ్చు పొట్టిగా, పెదవులు గుండ్రంగా చేసి పలుకుతారు. అమెరికన్ ఉచ్చారణలో మన ‘ఆ’కు దగ్గరగా ఉంటుంది.

రాసేటప్పుడు తొమ్మిది అక్షరాలు: ఓ, బి, వి, ఐ, ఓ, యు, ఎస్, ఎల్, వై. ఎక్కువమంది జారవిడిచేది ‘వి’ పక్కనున్న ‘ఐ’ని, లేదా ‘ఎస్’ ముందున్న ‘యు’ని. ముందు ‘ఆబ్వియస్’ను తప్పు లేకుండా రాయడం అలవాటైతే చివర ‘ఎల్, వై’ చేర్చడంలో ఇబ్బందేమీ ఉండదు.

మూడో మెట్టు: ‘ఆబ్వియస్’ ఎక్కడ, ‘ఆబ్వియస్లీ’ ఎక్కడ

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. తెలుగువారు చేసే అతి సాధారణమైన పొరపాటు ఇక్కడే పుడుతుంది, దాని వేరు మన భాషలోనే ఉంది. “జవాబు స్పష్టంగా ఉంది” అంటాం. “ఆమె స్పష్టంగా మాట్లాడింది” అని కూడా అంటాం. రెండు చోట్లా ‘గా’యే. మొదటి వాక్యంలో అది జవాబు ఎలాంటిదో చెబుతోంది, రెండో వాక్యంలో మాట్లాడిన తీరు చెబుతోంది. తెలుగుకు ఈ రెండింటికీ ఒకే రూపం చాలు. ఇంగ్లీషు మాత్రం వీటిని విడదీస్తుంది. మొదటి చోట విశేషణం, రెండో చోట క్రియా విశేషణం కావాలి. ఈ తేడా గమనించకపోతే “స్పష్టంగా ఉంది” అనే మాట నేరుగా “ఈజ్ ఆబ్వియస్లీ” అయిపోతుంది.

“ద ఆన్సర్ ఈజ్ ఆబ్వియస్లీ” అనడం తప్పు, “ద ఆన్సర్ ఈజ్ ఆబ్వియస్” అనాలి. “ఇట్ ఈజ్ ఆబ్వియస్లీ దట్ హీ లైడ్” అనడం తప్పు, “ఇట్ ఈజ్ ఆబ్వియస్ దట్ హీ లైడ్” అనాలి. ‘లుక్స్’, ‘సీమ్స్’ తర్వాత కూడా విశేషణమే వస్తుంది: “ద రీజన్ సీమ్స్ ఆబ్వియస్.”

పరీక్షించుకోవడం తేలిక. ‘ఈజ్, ఆర్, సీమ్స్’ వంటి క్రియల వెంటనే ఆ మాట వస్తే, వాక్యంలోంచి దాన్ని తీసేసి చదవండి. మిగిలినది నిండు వాక్యంగా నిలబడితే అక్కడ ఉండాల్సింది ‘ఆబ్వియస్లీ’. “దే ఆర్ ఆబ్వియస్లీ టైర్డ్”లో మాట తీసేసినా “దే ఆర్ టైర్డ్” మిగులుతుంది, అర్థం చెడదు. “ద ఆన్సర్ ఈజ్” అని వాక్యం సగంలో తెగిపోతే అక్కడ ఉండాల్సింది విశేషణం.

నాలుగో మెట్టు: వాక్యంలో చోటు చూడండి

‘ఆబ్వియస్లీ’ ఎక్కువగా క్రియను వర్ణించదు. మొత్తం వాక్యం మీద మాట్లాడేవారి వ్యాఖ్యగా నిలుస్తుంది. ఇలాంటివాటిని ఇంగ్లీషు వ్యాకరణకర్తలు డిస్‌జంక్ట్‌లు అంటారు, వాక్యం నుంచి కొంచెం విడిగా ఉండేవి అని. అందుకే దీనికి ఒకటికి మించి చోట్లున్నాయి. చోటు మారితే ధ్వని కూడా మారుతుంది.

మొదట్లో పెడితే వ్యాఖ్య ముందు వినిపిస్తుంది: “ఆబ్వియస్లీ, దే మిస్డ్ ద ట్రైన్.” రాతలో దాని తర్వాత కామా పెట్టడం మంచి అలవాటు. ఇక్కడ మాటకు బరువు ఎక్కువ. వరసగా రెండు మూడు వాక్యాలు ఇలా మొదలైతే చదివేవారికి ఉపన్యాసం విన్నట్టు ఉంటుంది.

మధ్యలో పెట్టడం అన్నిటికన్నా సాధారణం, నా దృష్టిలో అన్నిటికన్నా మర్యాద కూడా. ప్రధాన క్రియ ఒక్కటే ఉంటే దానికి ముందు: “దే ఆబ్వియస్లీ మిస్డ్ ద ట్రైన్.” సహాయక క్రియ ఉంటే దాని తర్వాత: “దే హ్యావ్ ఆబ్వియస్లీ మిస్డ్ ద ట్రైన్.” సహాయక క్రియలు రెండుంటే మామూలుగా మొదటిదాని తర్వాత: “హీ హ్యాజ్ ఆబ్వియస్లీ బీన్ వెయిటింగ్.” ‘ఈజ్, ఆర్, వాజ్’ వంటివి ప్రధాన క్రియగా ఉన్నప్పుడు వాటి తర్వాత: “షీ ఈజ్ ఆబ్వియస్లీ హ్యాపీ.” ‘డజంట్, హ్యాజంట్’ లాంటి కుదించిన వ్యతిరేక రూపాలుంటే మాత్రం వాటికి ముందుకు జరుగుతుంది: “హీ ఆబ్వియస్లీ డజంట్ నో.”

చివర పెడితే, చెప్పేశాక గుర్తొచ్చి చేర్చినట్టు ఉంటుంది: “దే మిస్డ్ ద ట్రైన్, ఆబ్వియస్లీ.” మాటల్లో ఇది సహజం. రాతలో పొదుపుగా వాడాలి.

పెట్టకూడని చోటు ఒకటుంది. క్రియకూ దాని కర్మకూ మధ్య దూర్చకండి. “షీ లైక్స్ ఆబ్వియస్లీ మ్యూజిక్” వినసొంపుగా ఉండదు, “షీ ఆబ్వియస్లీ లైక్స్ మ్యూజిక్” అనాలి.

ఇక విశేషణం ముందు వచ్చే వాడుక. ఇక్కడ ఇది వాక్యం మీద వ్యాఖ్యగా కాక ‘చూడగానే తెలిసిపోయే విధంగా’ అనే అర్థంలో పనిచేస్తుంది. “యాన్ ఆబ్వియస్లీ ఫాల్స్ క్లెయిమ్” అంటే చూడగానే అబద్ధమని తెలిసే వాదన. మాట అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘ఎ’ కాదు, ‘యాన్’ రావాలి.

ప్రశ్నల విషయానికొస్తే, “డిడ్ హీ ఆబ్వియస్లీ కమ్?” అని ఎవరూ అడగరు. కళ్ల ముందున్నదాన్ని అడగడంలో అర్థం లేదు. అయితే “ఈజ్ ఇట్ ఆబ్వియస్లీ రాంగ్?” అని అడగవచ్చు. అది తప్పేనా అని కాదు, చూడగానే తెలిసేంత తప్పా అని ఆ ప్రశ్న.

ఐదో మెట్టు: ‘నాట్’ ఎటువైపు ఉందో గమనించండి

రెండు వాక్యాలు చూడండి.

“ద టూ ఈవెంట్స్ ఆర్ ఆబ్వియస్లీ నాట్ కనెక్టెడ్.”

“ద టూ ఈవెంట్స్ ఆర్ నాట్ ఆబ్వియస్లీ కనెక్టెడ్.”

పదాలు అవే. మొదటిదాని అర్థం: ఆ రెండు ఘటనలకూ సంబంధం లేదని తెలుస్తూనే ఉంది. రెండోదాని అర్థం: ఆ రెండింటికీ సంబంధం ఉన్నట్టు పైకి కనిపించదు. అంటే లోపల ఉండవచ్చు, వెతికితే దొరకవచ్చు. మొదటిది తలుపు మూసేస్తుంది, రెండోది తెరిచే ఉంచుతుంది. శాస్త్ర వ్యాసాలు, దర్యాప్తు నివేదికలు, వైద్యుల రాతలు చదివేవారికి ఈ తేడా తెలియకపోతే నివేదికను తలకిందులుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

తెలుగులో ఈ తేడా క్రియలోకి వెళ్లిపోతుంది, ‘లేదని తెలుస్తోంది’, ‘ఉన్నట్టు తెలియడం లేదు’ అని. అందుకే మనకు అయోమయం ఉండదు. ఇంగ్లీషులో ఆ బరువంతా ఒక చిన్న ‘నాట్’ ఎటు నిలబడిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. మీరు రాసేటప్పుడు కూడా ముందు తెలుగు వాక్యం మనసులో అనుకోండి. ‘తెలుస్తోంది’ చివర వస్తే ‘ఆబ్వియస్లీ నాట్’, ‘తెలియడం లేదు’ చివర వస్తే ‘నాట్ ఆబ్వియస్లీ’.

ఆరో మెట్టు: తెలుగులో ఏ మాట అంటామో అక్కడి నుంచి బయల్దేరండి

‘స్పష్టంగా అతను అలసిపోయాడు’ అని తెలుగువారెవరూ అనరు. అయినా అనువాదాల్లో ఇలాంటి వాక్యాలు తరచూ తారసపడతాయి. “అతను అలసిపోయాడని చూస్తేనే తెలుస్తోంది” అంటాం. ఇంగ్లీషు క్రియా విశేషణంతో చేసే పనిని తెలుగు చాలాసార్లు వాక్యం చివర క్రియతోనో, చిన్న అవ్యయంతోనో చేస్తుంది. ఆ తెలుగు రూపాలను గుర్తుపట్టగలిగితే ‘ఆబ్వియస్లీ’ ఎక్కడ వేయాలో వెతుక్కోనక్కర్లేదు.

కంటికి కనిపించే ఆధారంతో ఊహిస్తే ‘చూస్తేనే తెలుస్తోంది’, ‘తెలుస్తూనే ఉంది’ అంటాం. మాట్లాడే ఇద్దరికీ ముందే తెలిసిన సంగతైతే ‘కదా’ వస్తుంది: “వర్షం పడుతోంది కదా, ఆట ఆపేశారు” అనేది ఇంగ్లీషులో “ఇట్ వాజ్ రెయినింగ్, సో ఆబ్వియస్లీ దే స్టాప్డ్ ద మ్యాచ్” అవుతుంది. ‘వేరే చెప్పనక్కర్లేదు’, ‘తెలిసిందే’ అనే చోట కూడా ఇదే సరిపోతుంది. ఒప్పుకుంటూ ముందుకు సాగేటప్పుడు ‘నిజమే, కాదనను, కానీ’ అంటాం. ఇంగ్లీషులో ఆ నడక “ఆబ్వియస్లీ, మనీ మ్యాటర్స్, బట్...” అని మొదలవుతుంది. వాదనలో ఎదుటివారి మాటకు ముందుగా విలువ ఇచ్చే ఈ వాడుకను అలవాటు చేసుకోమని ప్రత్యేకంగా చెబుతాను.

‘చూడగానే తెలిసే విధంగా’ అనే రెండో అర్థానికి మన దగ్గర ‘కొట్టొచ్చినట్టు’ ఉంది. “తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది” అన్నదానికి ఇంగ్లీషులో “దే ఆర్ ఆబ్వియస్లీ డిఫరెంట్” సరిపోతుంది. ‘ముంజేతి కంకణానికి అద్దమెందుకు?’ అనే సామెత కూడా ఈ భావానిదే. ఆధారం నీ చేతి మీదే ఉంది, వేరే సాధనం అక్కర్లేదు అని. వినేవారి చేతి మీద ఆ కంకణం నిజంగా ఉందా అన్నదే ‘ఆబ్వియస్లీ’ వాడేముందు వేసుకోవాల్సిన ప్రశ్న.

దీని మీదే ఆధారపడిన మరో రూపం ‘మోస్ట్ ఆబ్వియస్లీ’. జాబితా చెప్పేటప్పుడు అందరికీ ముందుగా తోచే దాన్ని చూపడానికి వాడతారు. చదవడం వల్ల చాలా లాభాలున్నాయి, ముందుగా చెప్పుకోవాల్సింది పదసంపద పెరగడం, అన్నట్టు.

ఏడో మెట్టు: దగ్గరి మాటల్లో దేన్ని ఎంచుకోవాలి

ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పి చూద్దాం. సంగతి: ఒక అధికారి రాజీనామా చేశారు.

ఆయన గది ఖాళీగా ఉంది, బల్ల మీద రాజీనామా లేఖ ఉంది, మీరూ నేనూ చూస్తున్నాం: ‘ఆబ్వియస్లీ’. రాజీనామా చేశారని తెలుస్తూనే ఉంది.

లేఖ కనిపించలేదు. పేరు పలక తీసేశారు, ఫోను మరొకరు ఎత్తుతున్నారు. ఆనవాళ్లను బట్టి అనుకుంటున్నాం: ‘ఎవిడెంట్లీ’. రాజీనామా చేసినట్టుంది.

ఎవరో చెబితే విన్నాం: ‘అప్పారెంట్లీ’. రాజీనామా చేశారట. తెలుగు ‘అట’కు ఇంత దగ్గరగా వచ్చే ఇంగ్లీషు మాట మరొకటి నాకు కనిపించలేదు. ‘అప్పారెంట్’ అనే విశేషణానికి ‘స్పష్టమైన’ అనే అర్థం కూడా ఉండడంతో చాలామంది ‘అప్పారెంట్లీ’ని కూడా ‘స్పష్టంగా’ అనుకుంటారు. నేటి వాడుకలో అది చెప్పేవారి బాధ్యతను తగ్గించే మాట, పెంచేది కాదు.

ఆధారం ఊసెత్తకుండా గట్టిగా చెప్పాలంటే ‘డెఫినిట్లీ’. రాజీనామా చేశారు, సందేహం లేదు. ఇందులో వినేవారికి కూడా తెలుసన్న సూచన ఉండదు. అందుకే ఆహ్వానానికి జవాబుగా “ఐ విల్ డెఫినిట్లీ కమ్” అంటే తప్పకుండా వస్తాననే ఆప్యాయత వినిపిస్తుంది. “ఐ విల్ ఆబ్వియస్లీ కమ్” అంటే ‘రాకుండా ఉంటానా’ అని వినిపిస్తుంది. దగ్గరివాళ్ల మధ్య అది ముచ్చటగానే ఉంటుంది, కొత్తవారి దగ్గర కాదు.

‘క్లియర్లీ’ మన మాటకు అతి దగ్గరి బంధువు, చాలా వాక్యాల్లో రెండూ ఒకదాని చోట మరొకటి సరిపోతాయి. తేడా రెండు చోట్ల బయటపడుతుంది. తీరును చెప్పేటప్పుడు ‘క్లియర్లీ’యే పనికొస్తుంది: “స్పీక్ క్లియర్లీ” అనగలం, “స్పీక్ ఆబ్వియస్లీ” అనలేం. నిఘంటువులోని ‘స్పష్టంగా’కు అసలైన జోడీ ఇదే. రెండోది, ఆధారాలు వరసగా చూపించి ఒక నిర్ణయానికి వచ్చేటప్పుడు ‘క్లియర్లీ’ హుందాగా ఉంటుంది. ‘ఆబ్వియస్లీ’ అక్కడ ‘ఈపాటికి మీరే గ్రహించి ఉండాల్సింది’ అనే ఛాయను తెస్తుంది.

‘నేచురల్లీ’ అంటే సహజంగానే, ఒకదాని నుంచి మరొకటి దానంతటదే వచ్చినప్పుడు. ‘పేటెంట్లీ’ ఎక్కువగా తప్పునో అసంబద్ధతనో ఎత్తిచూపేటప్పుడు వస్తుంది. ఇక ‘ఆఫ్ కోర్స్’ సంగతి తర్వాతి మెట్టులో.

ఎనిమిదో మెట్టు: వినేవారి చెవితో వినండి

“ఇక్కడ కూర్చోవచ్చా?” అని ఒకరు అడిగారు. “ఆఫ్ కోర్స్” అంటే ‘అయ్యో, తప్పకుండా కూర్చోండి’ అన్నట్టు. “ఆబ్వియస్లీ” అంటే ‘కుర్చీ ఖాళీగా ఉంది, కనిపించడం లేదా’ అన్నట్టు. అనుమతి అడిగినప్పుడు, సాయం కోరినప్పుడు, సందేహం తీర్చమన్నప్పుడు ‘ఆబ్వియస్లీ’ని ఒంటరి జవాబుగా వాడకండి. దాని వ్యతిరేక రూపం ‘ఆబ్వియస్లీ నాట్’ మరింత కటువుగా ఉంటుంది.

అడిగారంటేనే వారికి తెలియదని. తెలియనివారితో ‘ఇది అందరికీ తెలిసిందే’ అనడం గాయపరచడమే. కంప్యూటర్ పనిచేయక సాయం అడిగినవారికి “ఆబ్వియస్లీ, యూ నీడ్ టు రీస్టార్ట్ ఇట్ ఫస్ట్” అని రాస్తే వారికి అందేది సలహా కంటే ముందు అవమానం. ఆ ఒక్క మాట తీసేసి చూడండి: “యూ నీడ్ టు రీస్టార్ట్ ఇట్ ఫస్ట్.” సమాచారం రవ్వంత కూడా తగ్గలేదు. పాఠాలు చెప్పేవారు, సూచనలు రాసేవారు ఈ సవరణను అలవాటుగా చేసుకోవాలని గట్టిగా కోరుకుంటాను. నేర్చుకునేవారు ఆ మాట దగ్గర ఆగి ‘నాకొక్కడికే అర్థం కాలేదేమో’ అనుకుని మళ్లీ అడగడం మానేస్తారు.

గణితంలో ఇది పాత సమస్య. ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ ఖగోళ యాంత్రిక శాస్త్రం మీద రాసిన బృహద్గ్రంథాన్ని 19వ శతాబ్దంలో అమెరికాకు చెందిన నథానియల్ బౌడిచ్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ‘ఇది తేటతెల్లం’ అని లాప్లాస్ అన్న చోటల్లా, అదెలా తేటతెల్లమో కనుక్కోవడానికి గంటల తరబడి కష్టపడాల్సి వస్తుందని తనకు తెలిసిపోయేదని ఆయన అన్నట్టు ప్రసిద్ధి. నిరూపణలో ‘ఆబ్వియస్లీ’ రాయబోయేముందు ఆ మెట్టును కాగితం మీద ఒకసారి పూర్తిగా రాయండి. ఒక వరసలో ముగిస్తే ఆ వరసే ఉంచండి, పాఠకుడికి మేలు. ముగియకపోతే అది ‘ఆబ్వియస్’ కాదని తేలినట్టే.

‘ఎవరికి ఆబ్వియస్?’ అనే ప్రశ్నను చట్టం సూటిగా వేసుకుంది. కొత్త ఆవిష్కరణకు పేటెంట్ ఇవ్వాలంటే అది ‘ఆబ్వియస్’ అయి ఉండకూడదు. అమెరికాలో 1952 పేటెంట్ చట్టం 103వ సెక్షన్, ఐరోపా పేటెంట్ ఒడంబడిక 56వ అధికరణం, భారత పేటెంట్ చట్టం కూడా ఈ షరతు పెట్టాయి. ఎవరి దృష్టితో చూడాలో కూడా చెప్పాయి: ఆ రంగంలో నైపుణ్యం ఉన్న వ్యక్తి దృష్టితో. సామాన్యుడికి తోచకపోవడం లెక్కలోకి రాదు. ఫలానావారికి అని చెప్పకుండా ‘ఆబ్వియస్’ అనడం కుదరదని చట్టాలు గుర్తించాయి. మామూలు మాటల్లో ఆ ‘ఫలానావారు’ మన ఎదురుగా ఉన్న మనిషే.

అయితే ఈ మాట ఎప్పుడూ కటువుగానే ఉంటుందని భయపడనక్కర్లేదు. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు దాని పదును పోతుంది: “ఆబ్వియస్లీ, ఐ వాజ్ రాంగ్” అంటే పొరపాటును దాచకుండా ఒప్పుకోవడమే. ఎదుటివారి కష్టాన్ని గుర్తించేటప్పుడూ అంతే: “దిస్ హ్యాజ్ ఆబ్వియస్లీ బీన్ హార్డ్ ఫర్ యూ” అంటే ‘మీరెంత కష్టపడ్డారో చూస్తేనే తెలుస్తోంది’ అని. చెప్పకపోయినా నేను చూశాను అనే ఆదరణ అందులో ఉంది.

మాట్లాడేటప్పుడు ఊతపదంగా వాడేవారూ ఉన్నారు. బ్రిటన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఇంటర్వ్యూల్లో ఇది వాక్యానికొకసారి వినిపించడం ప్రసిద్ధమే. ఆ సందర్భంలో దానికి అర్థం దాదాపు ఉండదు, ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి మాత్రమే. విని అర్థం చేసుకుంటే చాలు, అనుకరించనక్కర్లేదు.

తొమ్మిదో మెట్టు: సాధన

కింది తెలుగు వాక్యాలను ఇంగ్లీషులో చెప్పి చూడండి. జవాబు చదివేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆధారం ఎవరి ముందుంది?

“వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లని చూస్తేనే తెలుస్తోంది.” ఆధారం ఇద్దరి కళ్ల ముందూ ఉంది. “దే ఆర్ ఆబ్వియస్లీ సిస్టర్స్.”

“ఆమె ఉద్యోగం మారిందట.” విన్నమాట. “అప్పారెంట్లీ, షీ హ్యాజ్ చేంజ్డ్ జాబ్స్.”

“సమావేశానికి తప్పకుండా వస్తాను.” ఇది మాట ఇవ్వడం, ఆధారంతో పని లేదు. “ఐ విల్ డెఫినిట్లీ కమ్ టు ద మీటింగ్.”

“ఈ లెక్కలో పొరపాటుంది.” ఇది ఎవరితో అంటున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. మీరిద్దరూ కలిసి మూడో వ్యక్తి లెక్కను పరిశీలిస్తుంటే “దేర్ ఈజ్ ఆబ్వియస్లీ ఎ మిస్టేక్ హియర్” అనవచ్చు. లెక్క వేసినవారితోనే అంటుంటే ఆ మాట వదిలేసి “ఐ థింక్ దేర్ ఈజ్ ఎ మిస్టేక్ హియర్” అనండి. పొరపాటు ఎలాగూ కనిపిస్తుంది, అది ముందే కనిపించి ఉండాల్సిందని గుర్తుచేయనక్కర్లేదు.

“ఈ రెండు లక్షణాలకూ సంబంధం ఉన్నట్టు పైకి కనిపించడం లేదు.” ఇది ఒక వైద్యుడు మరొకరికి రాస్తున్న వాక్యం. “ద టూ సింప్టమ్స్ ఆర్ నాట్ ఆబ్వియస్లీ రిలేటెడ్.” ఇక్కడ ‘నాట్’ ఒక్క అడుగు జరిగి ‘ఆబ్వియస్లీ’ తర్వాత వచ్చిందంటే, సంబంధం లేదని తేల్చేసినట్టవుతుంది, లేఖ అందుకున్న వైద్యుడు చేయించాల్సిన పరీక్ష చేయించకుండా వదిలేయవచ్చు.